తాబేలు పేట మలుపు

సియెనా
ఏప్రిల్ 24, 1974

అక్కా,

నిన్న ఫోన్లో నువ్వన్న మాటకి అక్కడే జవాబు చెప్పేవాణ్ణి. కానీ బార్లో ఫోను కాఫీ మిషన్ పక్కనే కదా, తొమ్మిది మంది చెవులు రిక్కించుకుని నించున్నారు. అందుకని "సరే సరే" అని పెట్టేశా. సరే కాదు. ఇప్పుడు చెప్తా విను.

"నీకొచ్చిందే నడవడం, అదీ తిన్నగా చేతకాదా" అన్నావు. నడిచాను. పద్నాలుగు మంది బెల్జియం వాళ్ళని పొద్దున తొమ్మిదింటికి సాన్ మార్కో ద్వారం దగ్గర కలిసి, మధ్యాహ్నానికి ఊరంతా తిప్పి తెచ్చా. ఒక్కరు తప్పిపోలేదు. ఒకావిడ చెప్పు మడమ ఊడితే మన చెప్పులు కుట్టే బ్రూనో చేత అక్కడికక్కడే వేయించా. కోట గోడ ఎవరు కట్టారో చెప్పా, ఎక్కడెక్కడ కూలిందో చూపించా. మన పేట ఫౌంటెన్ దగ్గర నిలబెట్టి, పసిపిల్లల నెత్తిన ఆ నీళ్ళు పోసి పేటలో కలుపుకునే సంగతి చెప్తే ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఎండకేమో, నాకు తెలీదు.

ఇంక ఫిర్యాదు సంగతి. "సంత్ అగొస్తీనో చర్చి చూపిస్తామని కాగితంలో వేసి కాబేజీ తోటలు చూపించారు" అని రాశారట. అవి కాబేజీలు కావు, ఆలివ్ చెట్లు. మధ్యలో ఒక్క మడి కాబేజీ ఉంది, అది ఎత్తోరె మావయ్యది.

ఆ కాగితం వేసింది మిలాన్‌లో కూర్చున్న మీ టూరిస్టు ఆఫీసు. మ్యాపు మీద గీత గీసేశారు: సాన్ మార్కో వీధి ఎక్కు, మలుపులో కుడికి తిరుగు, తాబేలు పేట మీదుగా చర్చికి పో. మ్యాపుకేం, దానికి పేట లేదు. నాకుంది. నత్త పేటలో పుట్టి, నత్త ఫౌంటెన్ నీళ్ళు నెత్తిన పోయించుకున్నవాణ్ణి, జనాన్ని వెంటేసుకుని, తరతరాలుగా మనతో పగున్న తాబేలు పేటలోకి వెళ్ళి వాళ్ళ అందచందాలు వర్ణించాలా? అందుకే ద్వారం బయటికి తీసుకెళ్ళి, గోడ వెంబడే చుట్టు తిప్పి, తూఫి ద్వారం దగ్గర తేల్చా. కొంచెం ఎండెక్కువైంది, అంతే.

తాతయ్య అరవై ఏళ్ళుగా ఆ మలుపు దాటలేదు. డాక్టరు దగ్గరికి కూడా చుట్టు తిరిగే పోతాడు. నీకు చెప్పాలా ఇది? మిలాన్‌లో తొమ్మిదేళ్ళుంటే పేట మర్చిపోతారా?

ఒక్కటి మాత్రం నిజం. బడి మానేశాక ఇది నా ఏడో పని. తాతయ్య లేపకుండా పొద్దున్నే లేస్తున్నది ఈ పనికే. ఇది పోనివ్వకు.

నేరి


మిలాన్
మే 3

ఒరే నేరీ,

నాలుగు పేజీలు రాశావు. బళ్ళో ఒక్క పేజీ రాయమంటే కిటికీలోంచి దూకినవాడివి. సంతోషం.

ఇప్పుడు నా మాట విను. కాబేజీ కథ మా పెద్దాయనకి చెప్తే నవ్వాడు కాబట్టి బతికిపోయావు. నవ్వాక ఇంకో మాట కూడా అన్నాడు. నగరపాలక వాళ్ళ పరీక్ష ప్యాసై పత్రం తెచ్చుకున్న గైడుని తప్ప ఈ అక్టోబరు దాటాక ఎవర్నీ పెట్టుకోడట. ప్యాసైతే నీకు ఏడాది పొడుగునా పని. ఫెయిలైతే మళ్ళీ కూరగాయల మార్కెట్లో ఆర్టిచోకు బుట్టలు మొయ్యి.

పరీక్షంటే కాగితం కలం కాదు, భయపడకు. ఆ రోజు పొద్దున ఒక చీటీ తీస్తారు. చీటీలో రెండు ద్వారాల పేర్లుంటాయి. ఈ ద్వారం నుంచి ఆ ద్వారం దాకా, గోడ లోపలి దారినే, పరీక్షాధికారులు ముగ్గుర్ని నడిపించాలి. వాళ్ళు ఎక్కడ ఆగి దేన్ని చూపిస్తే దాని గురించి చెప్పాలి. చుట్టుదారి కుదరదు. ఉండేవి నాలుగే చీటీలు. అందులో ఒకటి సాన్ మార్కో నుంచి తూఫికి. అర్థమైందా? నాలుగింట్లో ఒక వంతు తాబేలు పేటే.

ఏం చేస్తావో నువ్వే ఆలోచించుకో. తాతయ్యతో ఇప్పుడే ఏమీ అనకు.

ఇంకోటి. పర్యాటకులకి ఏదైనా ఒక గుర్తు పెట్టు, గుంపులో కలిసిపోకుండా. ఇక్కడి గైడ్లు గొడుగెత్తి పట్టుకుంటారు.

బావ అడిగానని చెప్పమన్నాడు.

ఎర్సీలియా


సియెనా
జులై 5

అక్కా,

గొడుగు సలహా ఇచ్చావు చూడు, గొడవంతా అక్కడ మొదలైంది. మండుటెండలో గొడుగెత్తుకుని తిరిగితే బ్రూనో నన్ను బతకనిస్తాడా? అందుకని తాతయ్య పెట్టెలోంచి పేట కండువాలు తీశా. నానమ్మ అంచు కుట్టినవి, పసుపూ ఎరుపూ మీద నత్త బొమ్మ, సరిగ్గా ఇరవై. వచ్చిన డెన్మార్క్ వాళ్ళూ ఇరవై మందే, అందరూ రిటైరైన టీచర్లు. తలా ఒకటి మెడలో కట్టా. ఎంత ముచ్చటగా ఉన్నారంటే, మన పేట డెన్మార్కులో కూడా ఒక కొమ్మ వేసిందనిపించింది.

తెలుసు తెలుసు. పేట వాళ్ళు కానోళ్ళకి కండువా కట్టకూడదు. అది మొదటి తప్పు. రెండో తప్పు, అది జూన్ ముప్పై, పేటల గుర్రప్పందేనికి రెండే రోజులుంది. ఆ రోజుల్లో మన కండువా వేసుకుని తాబేలు పేటలోకి ఎవరూ పోరు, వాళ్ళూ ఇటు రారు. మూడో తప్పు, మనకొచ్చిన గుర్రం కాలు ఎలా ఉందో కనుక్కుందామని బ్రూనో దగ్గర రెండు నిమిషాలు ఆగా. తలెత్తి చూస్తే వీధి ఖాళీ.

టీచర్లు కదా, కాగితంలో ఉన్నట్టు నడుస్తారు. ముందున్న హెడ్మాస్టరు మీ ఆఫీసు కాగితం చూసి "కుడికి" అన్నాట్ట. ఇరవై నత్త కండువాలు, పందెం రోజుల్లో, ఇద్దరిద్దరు చొప్పున వరసగా, తాబేలు పేటలోకి.

మలుపు దాకా పరిగెత్తా. అక్కడ గోడకి వాళ్ళ హద్దు గుర్తుగా తాబేలు పలక ఉంటుంది కదా, దానికింద ఆగిపోయా. కాలు లేవలేదక్కా. అరగంట నించున్నా. ఇంక వీళ్ళ ఎముకలే దక్కుతాయనుకున్నా. లోపల్నించేమో నవ్వులు వినబడుతున్నాయి.

చివరికి ఒక ముసలావిడ వాళ్ళని బాతుల్లా తోలుకుంటూ వచ్చింది. డెబ్భై ఉంటాయి, నల్ల ఏప్రాను, చేతిలో గరిటె. ఇరవై మంది మెడలూ బోసి. ఇరవై మంది నోళ్ళలోనూ బాదం బిస్కట్లు.

"లెక్కపెట్టుకో," అంది. "నువ్వేనా వీళ్ళ కాపరివి?"

"ఆ, పెద్దమ్మా."

"మరి లోపలికి రాలేదే? కాళ్ళు నొప్పులా?"

"ఇక్కడ నీడగా ఉందని."

"పన్నెండింటి ఎండలో నించుని నీడంటున్నావు. నత్తోడివే, సందేహం లేదు."

"కండువాలు?"

"వీళ్ళ చెమటకి తడిసి ముద్దయ్యాయి. ఉతికి ఇస్త్రీ చేసిస్తా. అర్జియా ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. నువ్వే రావాలి, ఇంకెవర్ని పంపినా ఇవ్వను."

ఆగస్టు పందేనికి ముందు రోజు భోజనాలప్పుడు తాతయ్య ఆ పెట్టె తెరుస్తాడు. ఇంకా ఆరు వారాలుంది. ఏం చెయ్యమంటావు?

డెన్మార్క్ వాళ్ళు ఈ ఊళ్ళో అన్నింట్లోకీ ఆ అరగంటే బాగుందని మీ ఆఫీసుకి రాస్తారట. నేను లేని అరగంట.

నేరి


మిలాన్
జులై 13

నేరీ,

బావ నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి జారాడు. ఆయన మిలాన్ వాడు, ఆయనకి నవ్వే. నాకు చెమట్లు పట్టాయి. నానమ్మ కండువాలు డెన్మార్క్ వాళ్ళకి కట్టావా? నీకు తలకాయ ఉందా?

వెళ్ళి తెచ్చుకో. మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళు, ఊరంతా పాస్తా ముందు కూర్చుని ఉంటుంది, ఎవరూ చూడరు. గుమ్మం దగ్గరే పుచ్చుకుని వచ్చెయ్. లోపల కూర్చోకు, ఏమీ తినకు. ఆవిడ ఎన్ని ప్రశ్నలేసినా నా పేరు ఎత్తకు.

ఎందుకని అడక్కు.

ఎర్సీలియా


సియెనా
ఆగస్టు 21

అక్కా,

కూర్చున్నా. తిన్నా. నీ పేరు నేనెత్తలేదు, ఆవిడే ఎత్తింది. దానికి తర్వాత వస్తా.

పందెం హడావిడి చల్లారాక, జులైలోనే ఒక గురువారం వెళ్ళా. సరిగ్గా ఒంటిగంట. మలుపు దగ్గర అటూ ఇటూ చూసి, ఊపిరి బిగబట్టి, కాలు పెట్టేశా. ఏమీ కాలేదు. రాళ్ళు మన రాళ్ళలాగే ఉన్నాయి. నాకు కొంచెం కోపమొచ్చింది కూడా, ఇంతేనా అని.

కండువాలు బల్లమీద దొంతరగా ఉన్నాయి, గంజి పెట్టి, నత్త బొమ్మ పైకొచ్చేట్టు మడిచి. పుచ్చుకుని వచ్చేద్దామనే అనుకున్నా. కానీ నా నోరు సంగతి నీకు తెలుసు కదా. ఆవిడ గుమ్మం పక్కన, మోకాలెత్తున, గోడలో ఇనప కడియం ఒకటుంది. "ఇదేంటి పెద్దమ్మా?" అన్నా.

"గైడువి కదా, నువ్వే చెప్పు."

"గాడిదల్ని కట్టేదేమో."

"గాడిదని మోకాలెత్తున కడితే మెడ విరుగుద్ది. మా తాత మేకని కట్టేవాడు. ఇంకేం చదువుకున్నావురా?"

అక్కా, ఊళ్ళో ఏ రాయి గురించి అడిగినా చెప్పగలను. మనింటికి మూడొందల అడుగుల్లో ఉన్న వీధి గురించి ఒక్క ముక్క తెలీదు నాకు. అక్టోబరులో పరీక్షుందని చెప్పేశా. ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"సరే, ఒక లెక్క. నేనొకటి చెప్తా, నువ్వొకటి చెప్పు. నేనూ మీ సాన్ మార్కో వీధి చూసి యాభై ఏళ్ళయింది."

అప్పట్నించి ప్రతి గురువారం ఒంటిగంటకి అక్కడే ఉంటున్నా. గోడలోంచి మొలిచిన అంజూరపు చెట్టుంది, ఎవరూ నాటలేదు, కాయలు వీధి వాళ్ళు వంతులేసుకుని కోసుకుంటారు. ఒక మెట్టుంది, దానిమీద ఎవరూ కాలెయ్యరు, ఎప్పుడో గెలిచిన గుర్రం అక్కడ నించుని నీళ్ళు తాగిందట. ముసలాళ్ళు కూడా కర్ర ఊతంతో దాన్ని దాటుకునే పోతారు. ఏ కాగితంలో ఉందిది?

బదులుగా ఆవిడ మొదట అడిగింది మన బావి గురించి. "నిజం చెప్పు, పందెం ఓడిపోయారని సంత్ ఆంటోనియో విగ్రహాన్ని బావిలో పడేశారా?"

"పడేశారనే అంటారు."

"తర్వాత తీశారా, లేదా?"

"తీశారు పెద్దమ్మా."

"ఎన్నాళ్ళకి?"

"అది మా వాళ్ళు చెప్పరు."

ఆవిడ నవ్వుతుంటే గిన్నెలు అదిరాయి.

భోజనాల రోజు తాతయ్య పెట్టె తెరిచాడు. కండువా ఒకటి తీసి, మడత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఎవరు చేశారు?" అన్నాడు. చాకలి షాపులో ఇచ్చానన్నా. "బాగా చేశారు," అన్నాడు. ఇంకేం అడగలేదు. తాతయ్య అడక్కపోతే నాకు భయం.

ఇప్పుడు నీ సంగతి. పోయిన గురువారం మలుపు దాకా సాగనంపుతూ, "మీ అక్క కూడా ఇక్కడే ఆగిపోయింది. చెప్పలేదా?" అంది అర్జియా పెద్దమ్మ. ఏంటని ఎంతడిగినా, "అది దాని మాట, దాన్నే అడుగు," అని తలుపేసుకుంది.

అడుగుతున్నా.

నేరి


మిలాన్
సెప్టెంబరు 2

నేరీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలెట్టి చింపేశా. బావకి కూడా పూర్తిగా తెలీదు.

నేను ఊరొదిలింది బావ కోసం అని అందరూ అనుకుంటారు. నేనే అలా చెప్పా. బావని కలిసింది మిలాన్ వచ్చిన ఏడాదికి. నేను ఊరొదిలింది ఆ మలుపు వల్ల.

అదే పరీక్ష. తొమ్మిదేళ్ళ కింద నేనూ వెళ్ళా. అప్పుడు నీకు పదకొండేళ్ళు, పాటలూ పండగా గుర్తుంటే ఉంటాయి, ఎందుకో నీకెవరూ చెప్పుండరు. నాకొచ్చిన చీటీ సాన్ మార్కో నుంచి తూఫికి. నేను భయపడలేదురా. నువ్వు గురువారాలు వెళ్తున్నావు చూడు, నేను మంగళవారాలు వెళ్ళేదాన్ని. అదే ఇల్లు, అదే బల్ల. ఇనప కడియం గురించి ఆవిడ నన్ను కూడా అడిగింది, గుర్రాన్ని కట్టేదేమో అన్నా. మొత్తం వీధి నాకు కంఠతా వచ్చు.

పొద్దున మన వీధంతా చెప్పుకుంటూ ఎక్కా. అధికారులు తలలూపుతున్నారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి తాతయ్య నించుని ఉన్నాడు, తాబేలు పలక కింద, చేతులు కట్టుకుని. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే దాటేసేదాన్నేమో. ఊరికే నన్ను చూశాడు. అర్జియా పెద్దమ్మ అటువైపు గుమ్మంలో ఎదురుచూస్తోంది. నేను అధికారుల్తో, "ఇక్కడితో అయిపోయిందండీ," అన్నా. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశా.

ఆ సాయంత్రం తాతయ్య పేట మొత్తానికి వైన్ పోయించాడు. "నా మనవరాలు నత్త పిల్ల అనిపించుకుంది" అన్నాడు, దాన్నే పాట కట్టారు. అందరూ నన్ను భుజాలకెత్తుకున్నారు. పరీక్ష ఫెయిలైనందుకు ఊరేగించింది లోకంలో నన్నొక్కదాన్నే అయ్యుంటుంది. రెండు వారాలకి మిలాన్ రైలెక్కా.

ఆయన మీద కోపం ఉందా అంటే చెప్పలేను. ఉత్తరాలన్నీ నీకే రాస్తా, ఆయనకి రాయను. అంతే.

నీకో మాట. పరీక్ష తారీకు ఇంట్లో చెప్పకు. ముందు రోజు బ్రూనో ఇంట్లో పడుకో. ఏ చీటీ వస్తుందో ఎవరికి తెలుసు, వేరేది రావచ్చు. కానీ అదే వస్తే, దాటెయ్. నాకోసం కాదు. నీకు పొద్దున్నే లేవాలనిపించే పని దొరికింది కాబట్టి.

ఎర్సీలియా


సియెనా, సాన్ మార్కో ద్వారం
అక్టోబరు 9, పొద్దున తొమ్మిదిన్నర

అక్కా,

మెట్లమీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నా. గీతలు వంకరపోతే ఏమనుకోకు.

ఎనిమిదింటికి చీటీ తీశా. సాన్ మార్కో నుంచి తూఫికి. తీసి చూసి నవ్వొచ్చింది నాకు. కళ్ళజోడు అధికారి "ఏం, సులువా?" అన్నాడు. "సగం సులువండీ," అన్నా. నా ముందు ముగ్గురున్నారు. ఇద్దరు వెళ్ళొచ్చారు, మూడోవాణ్ణి ఇంకో ద్వారం నుంచి తీసుకెళ్ళారు. తర్వాత నేనే.

నువ్వు చెప్పినట్టు తారీకు ఇంట్లో చెప్పలేదు. బ్రూనో ఇంట్లోనే పడుకున్నా. చూడబోతే, బ్రూనో భార్య తాతయ్యకి చెప్పకుండా ఈ పేటలో పిల్లి కూడా ఈనదు.

అరగంట కింద తాతయ్య వచ్చాడు. ఆదివారం కోటు, టోపీ. చంకలో వంటింటి కుర్చీ, గడ్డి అల్లినది.

"ఎక్కడికి తాతయ్యా కుర్చీ?"

"మలుపు దగ్గరికి."

నువ్వు రాసిందంతా కళ్ళముందుకొచ్చింది. ఏదైతే అదైంది, అడిగేద్దామనుకున్నా. "ఆపడానికి వస్తున్నావా?"

ఆయన కుర్చీ నా చేతికిచ్చాడు, మొయ్యమని. ఇద్దరం వీధి ఎక్కాం. ఆయన రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఫౌంటెన్ దాటాక అన్నాడు:

"ఆ కండువాలు చాకలి షాపులో చెయ్యలేదు. నత్త కొమ్ములు మడతలో పడకుండా మడవాలంటే కొమ్ముల మీద గౌరవం ఉన్న శత్రువై ఉండాలి. మనవాళ్ళు అంత జాగ్రత్త పడరు."

"ఆగస్టు నుంచీ తెలుసా నీకు?"

"గురువారం గురువారం ఇంట్లో పాస్తా మిగిలిపోతుంటే తెలీదా?"

మలుపు వచ్చింది. తాబేలు పలక. ఆయన అక్కడే ఆగాడు.

"పోయినసారి ఇక్కడ నించున్నా," అన్నాడు. "ఆ పిల్ల నన్ను చూసి వెనక్కి తిరిగింది. పండగ చేసుకున్నా. తొమ్మిదేళ్ళుగా దాని ఉత్తరాలు నీ పేరున వస్తున్నాయి, నా పేరున ఒక్కటి రాలేదు. ఇవాళ కూర్చుంటా. కూర్చున్న ముసలాణ్ణి చూసి ఎవడూ ఆగడు."

కుర్చీ మన వీధి వైపు తిప్పి వేశా, ఆయనకి అలవాటైన వైపు.

"ఇటు కాదురా. అటు తిప్పు. లోపలికి కనబడాలి."

అటు తిప్పి వేశా. కూర్చున్నాడు. పలక ఇవతలే, కాళ్ళు మాత్రం కొంచెం అవతలికి వెళ్ళాయి, పొడుగు మనిషి కదా. అవతల గుమ్మంలో అర్జియా పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఆవిడ గరిటె ఎత్తింది. ఆయన టోపీ ఎత్తాడు. నేనింక అక్కడ నించోలేక కిందికి పరిగెత్తుకొచ్చేశా.

వచ్చేముందు అడిగాడు, "ఎర్సీలియాకి రాస్తావా?" రాస్తానన్నా. "రాయి," అన్నాడు. "తాత కూర్చున్నాడని రాయి. దానికి అర్థమవుద్ది."

రాశా.

అధికారులు ముగ్గురూ వస్తున్నారు, కళ్ళజోడాయన నా పేరు పిలుస్తున్నాడు. వెళ్ళాలి.